నెరీడా జెల్లర్, ఏడో నంబరు బూజు

వారంబీ పల్లీ పరిశోధన కేంద్రంలో ఎక్కడా రాసిపెట్టని చట్టం ఒకటుంది. తప్పు చేసినవాళ్లు మర్నాడు పదింటి టీకి కేకు తేవాలి. ఎవరూ అడగరు, ఎవరూ గుర్తుచెయ్యరు. కేకు బల్ల మీదికి వచ్చిందంటే తప్పు ఒప్పుకున్నట్టు, ముక్క నోట్లో వేసుకున్నామంటే క్షమించేసినట్టు. ట్రాక్టరు వెనక్కి తీస్తూ కొళాయి విరగ్గొట్టిన బెవన్ ఎండుద్రాక్షల కేకు తెచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి ఇంటికెళ్లిపోయిన గుమాస్తా డాట్ తెచ్చిన పాషన్ ఫ్రూట్ కేకు ఎంత బాగుందంటే, వచ్చే శుక్రవారం కూడా తెరిచే ఉంచమని అందరూ బతిమాలారు. కొట్లో కొన్న కేకు తెస్తే మాత్రం సగం క్షమాపణే దక్కుతుంది.

ఇరవై రెండేళ్లుగా అక్కడ పనిచేస్తూ ఒక్కసారి కూడా తప్పుకేకు తేని మనిషి నెరీడా జెల్లర్ ఒక్కతే. ఆ సంగతి ఆవిడ నోటితో చెప్పుకునేది కాదు. కప్పు పట్టుకుని కూర్చునే తీరులోనే అందరికీ తెలిసిపోయేది.

ఈ గొడవ జరిగేనాటికి నెరీడాకి అరవై ఒకటి. పొడుగ్గా, సన్నగా ఉండేది. క్లోరిన్ నీళ్లతో కడిగీ కడిగీ చేతులు ఎర్రబడి ఉండేవి. పుట్టింది వారంబీకి ఆరుమైళ్లలో, ఎర్రమట్టి పల్లీ చేల మధ్య. చదువు పదో తరగతితో సరి. కేంద్రంలో గాజుసామాను కడగడానికి చేరింది. కడగబోయే ముందు ప్రతి ప్లేటునూ కిటికీ వెలుతురులో పెట్టి, ఇందులో ఏం పెరిగిందా అని చూసేది. అది గమనించిన అప్పటి పెద్ద శాస్త్రవేత్త ఆవిడ చేత కడగడం మాన్పించి, పెంచడం అప్పగించాడు. కరువు ఏళ్లలో పల్లీకి పట్టే ఆకుపచ్చ బూజుని లోయలోని ప్రతి చేనులోంచీ ఏరి తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చి, రెండువందల పదకొండు రకాలు పోగేసింది నెరీడా. ఆ బూజు గింజలోకి వదిలే విషం కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, వేయించినా పోదు. ఏళ్లతరబడి తిన్నవాళ్ల కాలేయాన్ని పాడుచేస్తుంది. అఫ్లటాక్సిన్ అన్న ఆ పేరు వారంబీలో చిన్నపిల్లలకు కూడా నోరు తిరుగుతుంది.

"బూజు కాదు బాబూ, బూజులు," అనేది కొత్తగా చేరినవాళ్లతో. "ఒక్కోదానికి ఒక్కో బుద్ధి. కొన్ని నోట్లో నాలుక లేనివి. కొన్ని ఉన్నాయి చూడు, అమ్మో!"

ఆ అమ్మో అన్నవాటిలో మొదటిది ఏడో నంబరు. అది సొంత అన్న లెస్ చేనులో దొరికింది. డెబ్బై మూడు కరువులో కొనుగోలుదారులు లెస్ పంటని గింజ మిగల్చకుండా వెనక్కి పంపేశారు. లెస్ దాన్నంతా మట్టిలో కలిపి దున్నేసి, మళ్లీ జన్మలో పల్లీ వెయ్యలేదు. నెరీడా మాత్రం గుప్పెడు గింజలు జేబులో వేసుకుని ల్యాబుకి తెచ్చింది. వాటిమీద పెరిగిన బూజు లోయలో అన్నిటికంటే ఎక్కువ విషం చేసేది, పైగా ఏటేటా ఒకే లెక్కన, వీసమెత్తు తేడా రాకుండా చేసేది. అందుకే ఏప్రిల్‌లో కోతలు మొదలయ్యే ముందు, కొనుగోలు కేంద్రాల్లో విషం పసిగట్టే పరీక్షలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చడానికి దీన్నే పెంచి పంపేవాళ్లు. దీన్ని గుర్తుపట్టడం తేలిక. ప్లేటు అంచు పొడుగునా గసగసాలంత నల్లటి గింజల్ని గుండ్రంగా పేర్చుకునేది. మిగతా రెండువందల పదింటిలో ఏదీ అంత ఒద్దికగా పేర్చేది కాదు.

ఇంత చక్కగా సాగుతున్న కాపురంలోకి తొంభై మూడు జనవరిలో వరద వచ్చింది. రోడ్లు తెగిపోయి, కరెంటు నాలుగు రోజులు పోయింది. బూజుల నమూనాలు దాచిన ఫ్రీజర్ నీళ్లు కారడం మొదలుపెట్టింది. నెరీడా మోకాళ్లలోతు బురదలో నడిచొచ్చి, మూడు రోజులు అక్కడే మకాం పెట్టి, కరిగిపోతున్న ప్రతి సీసాలోంచీ కాస్త కాస్త తీసి కొత్త ప్లేట్లలో నాటింది. రెండువందల పదకొండూ దక్కాయి. జిల్లా పత్రికలో ఫోటో కూడా వేశారు. చేతిలో ప్లేటు, కాళ్లకి బురద, మొహాన ఫోటో తీసేవాడి మీద విసుగు.

ఏప్రిల్ మొదటి వారంలో ఏడో నంబరుని పల్లీల మీద పెంచి పరీక్ష చేశారు. విషం సున్నా. మళ్లీ చేశారు. మళ్లీ సున్నా. 

కేంద్రానికి కొత్తగా వచ్చిన అధికారి హేమిష్ ప్రెంటిస్‌కి ముప్ఫై నాలుగేళ్లు. మెల్‌బోర్న్ వాడు. మంచివాడే కానీ, అన్నీ ముందే తెలిసినవాడి మొహం. అతను ప్లేటు తెచ్చి టీ బల్ల మీద, అందరి ముందూ పెట్టాడు.

"నెరీడా, ఇది ఏడు కాదు."

"ఏడే," అంది ఆవిడ.

"విషం లేదు. రంగు పాలిపోయింది. నీ నల్లగింజలేవి? ఒక్కటి చూపించు."

నెరీడా చూసింది. ఒక్కటీ లేదు. 

"వరదలో నానా హైరానా పడ్డావు. నిద్రలేదు. ఆ గందరగోళంలో ఒక ప్లేటు మీద ఇంకో నంబరు పడి ఉంటుంది. ఎవరికైనా జరిగేదే," అన్నాడు హేమిష్, చాలా మెత్తగా.

ఆ మెత్తదనమే నెరీడా ఒళ్లు మండించింది. "ఎవరికైనా జరుగుతుందేమో. నాకు జరగలేదు. నంబరు వెయ్యకుండా బూజు నాటే సూది ముట్టుకోను నేను. ఇది ఏడే. ఏదో అయింది దీనికి."

"ఏమవుతుంది?"

"అది చెప్పాల్సింది నువ్వు. డాక్టరేటు నీది."

బెవన్ నవ్వు దాచుకోడానికి కప్పులో మొహం దూర్చాడు.

మర్నాడు పదింటికి అందరూ మామూలు కంటే ముందే వచ్చి కూర్చున్నారు. నెరీడా వచ్చింది. చేతిలో టీకప్పు, రెండు బిస్కెట్లు. కేకు లేదు. ఆ మర్నాడూ లేదు. వారం గడిచింది. పొలం పనులు చూసే బెవన్‌కి ఇరవై ఏళ్ల చనువు.

"నెరీడా తల్లీ, ఒక్క కేకు తెచ్చి పారెయ్యరాదూ? చిన్నదైనా సరే. మనసులో తప్పు చెయ్యలేదనుకో, చేత్తో కేకు ఇచ్చెయ్."

"నువ్వు కొళాయి విరగ్గొట్టావు కనక తెచ్చావు. నేనేం విరగ్గొట్టాను?"

"పంతం విరగ్గొట్టుకోరాదా అని."

"అది నా ఎముకల్లో ఉంది బెవన్. ఎక్స్‌రే తీయించుకో కావాలంటే."

నవ్వులాటగానే ఉంది కానీ లోపల ఆవిడకి ముల్లు దిగింది. హేమిష్ పై ఆఫీసుకు ఉత్తరం రాశాడని డాట్ చెవిలో వేసింది. వరదలో నంబర్లు తారుమారయ్యాయి కనక ఇక్కడి సేకరణని నమ్మడానికి లేదనీ, అంతా పారేసి విదేశం నుంచి నమ్మకమైన బూజుల్ని తెప్పించుకుందామనీ ఆ ఉత్తరంలో ఉంది. మే నెలాఖరుకి నిర్ణయం వస్తుంది. ఇరవై రెండేళ్లు ఏరి, నాటి, నంబరు వేసి కాపాడినదంతా ఆవిరియంత్రంలో ఉడికి చెత్తబుట్టలోకి పోతుంది. నెరీడా మళ్లీ గాజుసామాను కడగడానికి వెళ్లాలి. అది కూడా భరించేదేమో. "నెరీడా జెల్లర్ నంబర్లు తారుమారు చేసింది" అన్న మాట మాత్రం ఆవిడకి గొంతు దిగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త రెగ్ ముందు వెళ్లగక్కుకుంది. రెగ్ లారీ నడిపి మానేసినవాడు. మాటకీ మాటకీ మధ్య మైలు దూరం తీసుకుంటాడు.

"నీ నోటుబుక్కులో చూశావా?" అన్నాడు గుమ్మడికాయ ముక్క నములుతూ.

"చూడ్డానికేముంది? తప్పు లేనప్పుడు."

"లేదని తెలిసినప్పుడు చూస్తే పోయేదేముంది?"

నెరీడా చుర్రుమని చూసింది. మర్నాడు ల్యాబుకి వెళ్లగానే మాత్రం జనవరి నోటుబుక్కు తెరిచింది. 

వరద రోజుల్లో రాసిన పేజీలు. అక్షరాలు వంకరపోయాయి కానీ నంబర్లన్నీ ఉన్నాయి. ఏడో నంబరు దగ్గర ఒక బొమ్మ కనబడింది. గుండ్రటి ప్లేటు, మధ్యలో గీత, ఒక పక్క ఏడు, ఇంకో పక్క నూట నలభై.

అప్పుడు గుర్తొచ్చింది. మూడో రోజుకి ప్లేట్లు అయిపోయాయి. రోడ్డు తెగింది, కొత్తవి రావు. పల్లీ రైతు ఇంట్లో పెరిగిన మనిషికి సగం ఖాళీగా ఉన్న ప్లేటు చూస్తే ప్రాణం ఊరుకోదు. అడ్డంగా గీత గీసి, ఒక్కో ప్లేటులో రెండేసి బూజులు నాటింది. అవి పెరిగి ఒకదాన్నొకటి ముట్టుకోకముందే విడదీసేసింది. ఒక్క జంట తప్ప. వీధిలో వాళ్లందరి ఇళ్లలో బురద ఎత్తిపోయడానికి వెళ్లి, ఆ ఒక్క ప్లేటునీ వారం రోజులు మర్చిపోయింది. తిరిగొచ్చేసరికి రెండు బూజులూ గీత దాటి కలిసిపోయి ఉన్నాయి. ఏడో నంబరు వైపు అంచు నుంచి తీసి కొత్త ప్లేటులో వేసుకుని, ఆ సంగతి బుర్రలోంచి తుడిచేసింది.

ల్యాబు గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఉంది: ఒక ప్లేటుకి ఒకే బూజు. ఆ చేతిరాత నెరీడాదే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే హేమిష్ ఏమంటాడో కూడా ఆవిడకి తెలుసు: చూశావా, కలిసిన ప్లేటులోంచి పొరపాటున నూట నలభైని తీశావు. అంటే చెయ్యని తప్పుకి రుజువుగా, చేసిన తప్పుని తన చేతులతో తనే అతనికి తీసి ఇవ్వాలి. ఆ రోజు బెవన్ రెండుసార్లు మాటలతో గిల్లి చూసి, ఎదురుమాట రాకపోయేసరికి కంగారుపడి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్లి గుడ్లూ వెన్నా బయటికి తీసింది.

"ఎవరి పుట్టినరోజు?" అన్నాడు రెగ్.

"ఎవరిదీ కాదు."

రెగ్ ఇంకేం అడగలేదు. గిన్నె నాకడానికి మాత్రం వంటింట్లోనే ఉన్నాడు.

మర్నాడు పదింటికి నెరీడా నిమ్మకాయ కేకు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. డాట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు ఊరి బయట నుంచి ఒకావిడ కూడా వచ్చింది. మరీసా అని, పల్లీ ఆకులకు పట్టే వైరస్‌లు చూసే శాస్త్రవేత్త, ఏటా ఒకసారి చేలు చూడ్డానికి వస్తుంది. ఈ కేకు భాగవతం ఆవిడకి తెలియదు. అందరికంటే ముందు పెద్ద ముక్క తీసుకుంది.

"థాంక్స్ నెరీడా. నిజంగా. ఇంక దీని గురించి ఎవరూ మాట్లాడరు," అన్నాడు హేమిష్.

"ఆగు. ఇది నువ్వనుకుంటున్న దానికి కాదు," అంది నెరీడా నిలబడే. "నంబరు నేను మార్చలేదు. ఆ మాటకొస్తే చచ్చినా కేకు తేను. ఇది వేరే తప్పుకి. వరదలో ఏడునీ, నూట నలభైనీ ఒకే ప్లేటులో వేశాను. వారం రోజులు మర్చిపోయాను. రెండూ కలిసిపోయాయి. ఆ రూలు రాసింది నేనే, తప్పింది నేనే. తినండి."

హేమిష్ ముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అంటే నువ్వు తీసింది నూట నలభైని..."

"కాదు. నేను తీసింది ఏడు వైపు నుంచి."

"రెండూ కలిసిపోయాక వైపులేంటి నెరీడా?"

"నా కళ్లతో చూసి తీశాను."

"కళ్లతో చూశానంటే సైన్సు ఒప్పుకోదు."

"ఒక్క నిమిషం," అంది మరీసా నోటినిండా కేకుతో. మింగింది. "ఆ నూట నలభై కథేంటి? విషం చేస్తుందా?"

"అస్సలు చెయ్యదు," అంది నెరీడా. "క్లారీ హాస్ అని ఒక రైతు చేనులోది. చుట్టుపక్కల అందరి పంటా పోయిన ఏడాది, బూజు పట్టి కూడా వాడి పంట శుభ్రంగా ఉంది. ఎందుకో తెలీక దాచాను."

"రెండూ వారం రోజులు అంటుకుని ఉన్నాయి. ఆ తర్వాత ఏడు పాలిపోయింది, విషం మానేసింది. అంతేనా?"

"అంతే."

"అయితే దీనికి జబ్బు అంటుకుందేమో."

"బూజుకి జబ్బేంటి? బూజే కదా మనకి జబ్బు," అన్నాడు బెవన్.

"బూజుకీ వైరస్ పడుతుంది బెవన్. ఆకులకి పడుతుంది, నీకు పడుతుంది, దానికెందుకు పట్టకూడదు? దగ్గర చుట్టాలైన బూజులు పక్కపక్కన పెరిగితే పోగులు కలుపుకుంటాయి. అప్పుడు ఒకదాని లోపలిది ఇంకోదానిలోకి పోతుంది. కొన్ని వైరస్‌లు పడితే బూజు విషం చెయ్యడం మానేస్తుందని చదివాను. ఎదురుగా ఎప్పుడూ చూడలేదు." మరీసా ఇంకో ముక్క తీసుకుంది. "రెండు ప్లేట్లూ నాకివ్వండి. ఈ కేకులో కూడా కాస్త కట్టివ్వండి."

రెండు వారాలకి ఫోను వచ్చింది. నూట నలభైలో వైరస్ ఉంది. ఏడు అని పేరు రాసి ఉన్న ప్లేటులో కూడా అదే వైరస్ ఉంది. బెవన్ చప్పట్లు కొట్టాడు. హేమిష్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. అతని అనుమానంలోనూ న్యాయం ఉంది.

"అది నిజంగా నూట నలభయ్యే అయితే, దానిలో అదే వైరస్ ఉండక ఏముంటుంది? ఏడేనని ఎలా తెలుస్తుంది?"

"నయం చేస్తే తెలుస్తుంది," అంది నెరీడా. రెండు వారాలూ ఆవిడ అదే ఆలోచిస్తూ కూర్చుంది. మరీసా ఫోనులో దారి చెప్పింది కూడా. బూజు రాల్చే పొడిలో లక్షల బీజాలుంటాయి. అన్నిటిలోకీ వైరస్ ఎక్కదు, ఏ నూటికో కొన్ని తప్పించుకుంటాయి. ఒక్కో బీజాన్నీ విడిగా పట్టుకుని, ఒక్కో ప్లేటులో పెంచితే, తప్పించుకున్నవి పాత గుణానికి తిరిగొస్తాయి. "అవి నల్లగింజలు పేరిస్తే ఏడు. పేర్చకపోతే నూట నలభై. అప్పుడు నా తప్పని నేనే ఒప్పుకుంటాను. మూడంతస్తుల కేకు తెస్తాను."

"మే ముప్ఫై ఒకటి వరకే టైముంది," అన్నాడు హేమిష్.

"నీకు తెలియనిదాన్ని నేను తెలుసుకోడానికి అది చాలు."

ఒక్క బీజాన్ని ఏరడమంటే మాటలు కాదు. పొడిని నీళ్లలో కలిపి, పలచగా పరిచి, మర్నాడు పొద్దున్నే భూతద్దం కింద మొలకెత్తిన ఒక్కదాన్ని, పక్కదాన్ని తాకకుండా, సన్నటి సూదితో లేపాలి. ఊపిరి గట్టిగా తీస్తే పోతుంది. అరవై ఒక్కేళ్ల ఆ ఎర్రచేతులు నాలుగు రోజుల్లో ఏడు నుంచి అరవై, నూట నలభై నుంచి అరవై ఏరాయి. ఈసారి ఒక ప్లేటుకి ఒకే బూజు. విషం ఉందో లేదో త్వరగా తేలడానికి ప్లేట్లలో కొబ్బరిపాల జెల్లీ పోసింది. కొబ్బరిలో పెరిగితే బూజు విషం దండిగా చేస్తుంది. ఆ విషం మీద అల్ట్రావయొలెట్ దీపం పడితే నీలంగా మెరుస్తుంది. కొబ్బరిపాల డబ్బాల కోసం నెరీడా వారంబీ కొట్లోకి వెళ్లి ఉన్నవన్నీ ఎత్తుకొచ్చింది. ఊళ్లో నెల రోజులు ఎవరూ కొబ్బరిపాలతో కూర వండుకోలేదు.

వారం తర్వాత, పట్టపగలు, చీపుర్లు దాచే చీకటి గదిలో అందరూ ఇరుక్కున్నారు. బెవన్ మోచెయ్యి డాట్ పక్కటెముకల్లో ఉంది. హేమిష్ దీపం పట్టుకున్నాడు. నెరీడా ముందు ఏడో నంబరు ప్లేట్లని ఒక్కొక్కటే దీపం కింద పెట్టింది. మొదటిది చీకటి. రెండోది చీకటి. పది, ఇరవై, ముప్ఫై. అన్నీ చీకటే. నలభై నాలుగో ప్లేటు పెట్టగానే, బూజు చుట్టూ వెలుగు. పొయ్యి మీద గ్యాస్ మంటలాంటి నీలం.

"విషం!" అని కేకపెట్టాడు బెవన్. "విషం వచ్చిందర్రా!"

అరవైలో మూడు మెరిశాయి. తలుపు తెరిచి, ఆ మూడింటినీ కిటికీ దగ్గరికి పరిగెత్తించారు. మూడింటికీ, అంచు పొడుగునా, గసగసాలంత నల్లగింజలు. ఇంకా లేతగా, గోధుమరంగులో ఉన్నాయి కానీ వరసగా, గుండ్రంగా, ఒద్దికగా ఉన్నాయి. నూట నలభైవాటిలో కూడా జబ్బు తప్పించుకున్నవి రెండు మెరిశాయి. నల్లగింజ ఒక్కదానికీ లేదు.

హేమిష్ ప్లేటుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. నెరీడా మాత్రం కుర్చీలో కూలబడి, ఏప్రన్‌తో మొహం కప్పుకుని, అందరి ముందూ భోరుమని ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది. అన్న పంటని మట్టిపాలు చేసిన విషం తిరిగొచ్చినందుకు ఇంత సంతోషమేమిటని ఆవిడకే సిగ్గేసింది. సిగ్గేసినా ఏడుపు ఆగలేదు.

మర్నాడు హేమిష్ కేకు తెచ్చాడు. కొట్లోది కాదు. మధ్యలో లోయలా దిగబడిపోయి, ఒక పక్క మాడింది. 

"అందరి ముందూ అన్నాను కనక అందరి ముందే చెబుతున్నాను," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నెరీడా నంబరు తారుమారు చేసిందన్నాను. చెయ్యలేదు. తప్పు నాది. పై ఆఫీసుకు రాసిన ఉత్తరం వెనక్కి తీసుకున్నాను. సేకరణ ఎక్కడికీ పోదు."

నెరీడా మాడిన వైపు నుంచే ముక్క కోసుకుంది. మొత్తం తినేసింది. "ఉప్పు కాస్త ఎక్కువైంది. పర్లేదు, నేర్చుకుంటావు," అంది.

"ఇంకో పని మిగిలింది," అన్నాడు హేమిష్ నీళ్లు నములుతూ. "ఇదంతా వైరస్ వల్లే అని తేలాలంటే... ఆ తప్పు మళ్లీ చెయ్యాలి. కావాలని. నయమైన ఏడునీ, జబ్బు నూట నలభైనీ ఒకే ప్లేటులో వేసి, వారం మర్చిపోవాలి."

"రాసివ్వు."

"ఏంటి?"

"సంతకం పెట్టి రాసివ్వు. గోడ మీద రూలుంది."

హేమిష్ రాసిచ్చాడు. నెరీడా దాన్ని తన రూలు కిందే అతికించింది. 

ప్లేటు మీద గీత గీసి, సూది మంటలో కాల్చి, నయమైన ఏడుని ముట్టుకున్నాక ఆవిడ చెయ్యి ఆగింది. నాలుగు రోజులు ఊపిరి బిగబట్టి బతికించుకున్నదానికి తన చేత్తో జబ్బు అంటించడం ఆవిడకి చాలా కష్టమైంది. "ఏమనుకోకురా నాన్నా," అంది మెల్లిగా. బెవన్ విన్నాడు. విన్నట్టు ఎవరితోనూ అనలేదు. ఇరవై ఏళ్లలో అతను వదిలేసిన ఎగతాళి అదొక్కటే.

మూడు వారాల తర్వాత మళ్లీ చీపుర్ల గది. మరీసా కూడా వచ్చింది. ఏడు వైపు నుంచి తీసి కొబ్బరిపాలలో పెంచిన ప్లేటు మీద దీపం వేశారు. చీకటి. నల్లగింజలు లేవు. మరీసా వైరస్ వెతికింది, ఉంది. పక్కన విడిగా పెంచిన నయమైన ఏడు నీలంగా మెరుస్తోంది.

"మొన్న విషం వచ్చిందని గంతులేశాం, ఇవాళ రాలేదని గంతులేస్తున్నాం. ఊళ్లో తెలిస్తే మనల్ని కట్టేస్తారు," అన్నాడు బెవన్.

"దీన్ని చేలమీద చల్లితే రైతులకి..." అని మొదలుపెట్టింది డాట్.

"తొందరపడకు. ప్లేటులో జరిగింది చేనులో జరగాలని లేదు. ముందు ఏళ్లకి ఏళ్లు చూడాలి," అంది మరీసా. కానీ ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. క్లారీ హాస్ చేనులో ఆ ఏడాది ఏం జరిగిందో ఇప్పుడందరూ ఊహించుకోగలరు.

జబ్బు ప్లేటుని దాచాలి కనక నెరీడా చీటీ తీసింది. 

"రెండువందల పన్నెండు అని వెయ్యి," అన్నాడు హేమిష్. "కొత్త నంబరు ఇవ్వాలి కదా. గుణం వేరు, రూపం వేరు. రేపు ఎవరైనా చూస్తే..."

"ఇవ్వను," అంది నెరీడా.

"ఎందుకని?"

"ఇది ఏడు. ఒంట్లో బాలేదంతే. జలుబు చేస్తే నీ పేరు మార్చేస్తారా హేమిష్?"

హేమిష్ ఆ పాలిపోయిన బూజుని చూశాడు. గింజలు లేవు, మెరుపు లేదు, ఏడో నంబరని చెప్పడానికి దాని మొహంలో ఒక్క ఆనవాలూ లేదు. అది ఏడో నంబరని చెబుతున్నది పక్కన నిలబడ్డ ఆవిడ మాట ఒక్కటే. చెయ్యి చాచి, నెరీడా చేతిలోంచి పెన్ను తీసుకుని, చీటీ మీద తనే పెద్దగా 'ఏడు' అని రాశాడు.